మ, న లేని భాష నేర్చుకోబోయి: నా అనుభవం

లుషూట్‌సీడ్ అని, సియాటిల్ చుట్టుపక్కల ఆదివాసుల భాష, దాని క్లాసు కోసం జనవరి 9న ఫారం నింపడం మొదలుపెట్టా, పంపింది మాత్రం 11న. మధ్యలో రెండు రోజులు ఒకే ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయా. "ఈ భాష మీరెందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు?" అని. పేరు, ఫోన్ నంబరు, అలర్జీలు అన్నీ టకటకా నింపేసి ఇక్కడ కర్సర్ అలా మినుకుమినుకుమంటూ ఉంటే చూస్తూ కూర్చున్నా. మా ఆయనేమో "ఇంట్రస్ట్ అని రాసెయ్యి" అన్నాడు. రాశా, చెరిపేశా. చివరికి నిజమే రాశా: "మా అమ్మాయి ఒక బోర్డు చదవమంది, నాకు చదవడం రాలేదు."

ఆ బోర్డు సంగతి చెప్తా. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళంతా మార్చి ఆఖర్లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చెర్రీ పూల దగ్గర ఫోటోలు దిగడానికి వెళ్తాం కదా, 2023లో మేమూ వెళ్ళాం. ఆ క్యాంపస్‌లోనే 2015లో కట్టిన ఒక పొడుగు చెక్క భవనం ఉంది, ఇంటెలెక్చువల్ హౌస్ అంటారు, దానికి లుషూట్‌సీడ్‌లో ఒక పేరుంది. ఆ పేరులో తలకిందులైన ఇంగ్లీషు e అక్షరం, పక్కన ప్రశ్నార్థకంలాంటిది, నడుముకి బెల్టు కట్టినట్టున్న ఎల్. మా పాపకి ఎనిమిదేళ్ళు, "అమ్మా ఇదెలా చదవాలి" అంది. ఏదో విదేశీ భాష అయ్యుంటుంది అన్నా. తర్వాత తెలిసింది, ఇక్కడ విదేశీ నేనే, ఆ భాష ఈ నేలదే అని.

రిప్లై రావడానికి ఏడు వారాలు పట్టింది. ఫిబ్రవరి 27న మెయిల్, వెయిట్ లిస్ట్‌లో నాలుగో నంబరు. ట్రైబ్ వాళ్ళకి ముందు సీట్లు, ఆ తర్వాత వాళ్ళ కుటుంబాలకి, స్కూళ్ళలో పనిచేసే టీచర్లకి, మిగిలితే నాలాంటి వాళ్ళకి. మొదట కొంచెం ఉసూరుమనిపించింది, దాచుకోను. కానీ ఆలోచిస్తే అంతే ఉండాలి కూడా, పెళ్ళిలో మొదటి పంక్తిలో ఎవరు కూర్చుంటారో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. మార్చి 21న ఫోన్ వచ్చింది, ఒక సీటు ఖాళీ అయింది వస్తావా అని. ఏప్రిల్ 2 నుంచి పది వారాలు, ప్రతి మంగళవారం సాయంత్రం ఆరింటికి, టకోమాలో. ఫీజు లేదు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు: క్లాసులో రికార్డ్ చేసింది ఎక్కడా పెట్టకూడదు, నేర్చుకున్నది పెట్టుకుని నువ్వు క్లాసులు మొదలుపెట్టకూడదు. అందుకే ఇక్కడ నేను పాఠాలేవీ చెప్పను, నాకేం జరిగిందో అదే చెప్తా. మాటలు కూడా ఓ పదో పదిహేనో, డిక్షనరీ తెరిస్తే ఎవరికైనా దొరికేవే.

మేముండేది రెంటన్‌లో. 167 హైవే మీద సాయంత్రం నాలుగున్నరకి బయల్దేరితే గంటా పది నిమిషాలు, వాన పడితే గంటన్నర. మొదటి రోజు టోల్ కట్టే ఎక్స్‌ప్రెస్ లేన్ ఎక్కకుండా పొదుపు చేద్దామనుకుని పావుగంట లేటుగా వెళ్ళా. తలుపు తీసేసరికి పదిహేను మంది గుండ్రంగా కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరు లేచి పేరు చెప్తున్నారు. పేరంటే ఒక్క పేరు కాదు. నా పేరు ఇది, మా నాన్న ఫలానా, మా అమ్మ ఫలానా, మా అమ్మమ్మ, తాతయ్య వాళ్ళు ఫలానా నది వైపు వాళ్ళు. నా వంతు వచ్చేసరికి అమ్మమ్మ దాకా చెప్పి ఆగిపోయా. పక్కనున్న ఇరవై ఏళ్ళ కుర్రాడు నాలుగు తరాలు అవలీలగా చెప్పాడు. ఆ రాత్రి కారు పార్కింగ్ లోంచే గుడివాడలో అమ్మకి ఫోన్ చేశా, అక్కడ తెల్లవారి ఎనిమిదిన్నర, "అమ్మా, అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేంటి?" అని. "ఇప్పుడెందుకే, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా" అని కంగారు పడింది.

ఇక అసలు దెబ్బ రెండో వారం తగిలింది. ఈ భాషలో మ లేదు, న లేదు. అసలు ముక్కుతో పలికే శబ్దాలే లేవు. ప్రపంచంలో ఇలాంటి భాషలు చాలా తక్కువట. నా పేరులో రెండు మ లు, ఒక న. అమ్మ అనలేను, నాన్న అనలేను. ఒకప్పుడు ఉండేవట, పందొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్ళు వచ్చి ఊళ్ళ పేర్లు రాసుకునే రోజుల్లో ఆ శబ్దాలు మారిపోతున్నాయి, మ పోయి బ, న పోయి ద అయ్యాయి. అందుకే దువామిష్, స్నోహోమిష్ అని మ్యాపులో ఇంకా మ తోనే ఉన్నాయి, వీళ్ళ నోట మాత్రం ఆ చివర "బ్ష్" అని వస్తుంది, అంటే జనం అని. సమామిష్‌లో ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళలో ఎంతమందికి ఆ "మిష్" ఏంటో తెలుసు? నాకైతే తెలీదు, అక్కడ మూడేళ్ళు అద్దెకున్నా.

దీనికి భలే ఉదాహరణ, తెల్లవాళ్ళని "పాస్తద్" అంటారు. అదేంటో గెస్ చెయ్యమన్నారు, ఎవరూ చెప్పలేకపోయాం. బోస్టన్! అప్పట్లో ఓడల్లో వచ్చిన అమెరికా వ్యాపారుల్ని బోస్టన్ వాళ్ళు అనేవారు, అందులో న కాస్తా ద అయింది. మన ఊళ్ళల్లో దొర అన్నట్టు అన్నమాట, కాకపోతే ఊరి పేరుతో.

నాన్నని "బాద్" అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే బ్యాడ్! "ఏంటి" అనే మాట స్పెల్లింగ్ చూస్తే stab, ఇంగ్లీషులో కత్తితో పొడవడం. మా పాప ఈ రెండూ విని వారం రోజులు వాళ్ళ నాన్నని వదల్లేదు. నాకు మాత్రం సంతోషం ఏంటంటే మా ఊరి పేరు. నేను ఫలానా చోటి నుంచి అనడానికి "తుల్'అల్ చద్" అని మొదలుపెట్టాలి, "తుల్'అల్ చద్ గుడివాడ" అన్నా, మ లేదు న లేదు, చక్కగా ఇమిడిపోయింది. మా టీచర్ కూడా నవ్వి ఇంకోసారి చెప్పమన్నారు. బందరో, మదనపల్లో అయ్యుంటే పరువు పోయేది.

శబ్దాల దగ్గర ఇంకో రెండు సంగతులు. ఒకటి, మనకి మాట చివర అచ్చు లేకపోతే నోరు ఊరుకోదు. బస్సు, కారు, పెన్ను. నాలుగుని "బూస్" అంటారు, నేను "బూసు". పదిని "పాదట్స్", నేను "పాదట్సు". నాకసలు తెలీను కూడా తెలీదు అలా అంటున్నానని, మూడో వారం టీచర్ చాలా మర్యాదగా, నువ్వు ప్రతి మాటకీ చివర చిన్న తోక తగిలిస్తున్నావు అన్నారు. ఇరవై ఏళ్ళ నుంచి ఇంగ్లీషులో కూడా అలాగే తగిలిస్తున్నానేమో అని అప్పట్నుంచీ ఆఫీస్ మీటింగుల్లో ఒకటే భయం.

రెండోది, ఊపిరి బిగబట్టి గొంతులోంచి టప్పున వదిలే హల్లులు. క, ట, ప, చ అన్నిటికీ మామూలుది ఒకటి, ఈ పేలేది ఒకటి. నేను భ, ఘ లాంటి ఒత్తు అనుకుని గాలి ఊదేశా. కాదట. పోనీ జాలిపడేటప్పుడు "ప్చ్" అంటాం కదా అలాగా అంటే, అది గాలి లోపలికి పీల్చడం, ఇది బయటికి. ఊపిరి అంతా వదిలేసి, ఇంక లోపల ఏం లేనప్పుడు "ట్" అని చూడు, అప్పుడు వచ్చేది అదే అన్నారు. కారులో 167 మీద ట్రాఫిక్‌లో ఆగి ట్, ట్, ట్ అనుకుంటూ ఉంటే పక్క లేన్ లో ఆయన అద్దం దించి చూశాడు. ఆ బెల్టు కట్టిన ఎల్ మాత్రం తేలిగ్గానే వచ్చింది, నాలుకని ల దగ్గర పెట్టి గొంతు కలపకుండా ఊదడమే, పాలు పొంగుతుంటే కంగారుగా ఊదుతాం చూడండి అలా. "బాగుంది" అనే మాట చివర అదే వస్తుంది, సియాటిల్ అనే పేరు ఏ నాయకుడిదో ఆయన పేరు చివరా అదే, ఇంగ్లీషు వాళ్ళకి పలకడం రాక టల్ అయి కూర్చుంది.

గ్రామర్ జోలికి ఎక్కువ వెళ్ళను, ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. మనకి ఏకవచనంలో మగవాడు ఒక్కడే ప్రత్యేకం, "వచ్చాడు". ఆడవాళ్ళు, ఆవులు, బస్సులు అన్నీ "వచ్చింది". వీళ్ళకి సరిగ్గా తిరగేసి ఉంటుంది, నామవాచకం ముందు పెట్టే చిన్న మాట ఆడవాళ్ళకి వేరే, మిగతా మగవాళ్ళు, పడవలు, రాళ్ళు అన్నిటికీ ఒకటే. నేను క్లాసులో ఆ మాట చెప్తే ఆడవాళ్ళంతా బల్ల చరిచారు.

ఐదో వారం నేను చేసిన తప్పు. రాయాలా వద్దా అనుకున్నా, రాస్తేనే ఉపయోగం. టీకి ఆగినప్పుడు మాటల్లో "మా భాష పరిస్థితి కూడా ఇంతే, చచ్చిపోతోంది, మా అమ్మాయి ఇంగ్లీషులోనే జవాబిస్తుంది" అనేశా. సానుభూతిగా అన్నాననుకున్నా. ఎదురుగా ఉన్న పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, మాలాగే మొదటి లెవెల్, మెల్లగా "మీ భాష ఎంతమంది మాట్లాడతారు?" అని అడిగారు. 2011 లెక్కల్లో ఎనిమిది కోట్ల పైన అని చెప్పాల్సి వచ్చింది. నా నోట్లోంచి ఆ అంకె బయటికి వస్తుంటేనే చెవులు వేడెక్కాయి. ఆవిడ కోప్పడలేదు. వాళ్ళ అమ్మమ్మకి ఈ భాష పూర్తిగా వచ్చట, ఆదివాసీ పిల్లల్ని పెట్టిన బోర్డింగ్ స్కూల్లో ఈ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిని, పిల్లలకి ఆ గతి పట్టకూడదని ఇంట్లో నోరెత్తలేదట. చెల్లెలితో మాత్రం తలుపు వేసుకుని మాట్లాడుకునేదట, ఈవిడ తలుపు బయట కూర్చుని వినేదట. "ఆ తలుపు వెనక ఏం మాట్లాడుకున్నారో తెలుసుకుందామని వచ్చా" అన్నారు. ఇంకో కుర్రాడు, చచ్చిపోవడం అనే మాట మేం వాడం, నిద్రపోతోంది అంటాం అన్నాడు. ఆ రోజు వెనక్కొచ్చేటప్పుడు రేడియో కూడా పెట్టుకోలేదు.

ఆరో వారం పాత టేపు వినిపించారు. లియాన్ మెట్కాఫ్ అని ఒక సంగీతం మాష్టారు 1950ల్లో రీలు టేపుల మీద పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేశాడు. వై హిల్బర్ట్ అని అప్పర్ స్కాజిట్ తెగ ఆవిడ, 1918లో పుట్టారు, 2008లో పోయారు, తర్వాత వాటిని విని రాసి, యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, ఇద్దరు భాషా శాస్త్రవేత్తలతో కలిసి 1994లో డిక్షనరీ తెచ్చారు. ఆ టేపుల్లో ఆవిడకి పెద్దమ్మో పిన్నో వరసయ్యే ఒకావిడ గొంతు కూడా ఉందట. మేం విన్నది రెండు నిమిషాలు ఉంటుందేమో. సగం బరబర. ఒక ముసలావిడ ఆగకుండా, ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో కూడా తెలీకుండా చెప్పుకుపోతోంది. మాకు అందులో అందిన మాటలు రెండు. ఒకటి "నీళ్ళు". అయినా అందరం అది దొరగ్గానే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం, లాటరీ తగిలినట్టు.

ఇప్పుడు వంటగది. ఇక్కడ చాలామంది టీచర్లు వాడే పద్ధతి ఇది, జల్మాయ్ జాహిర్ అనే భాషా గురువు దీన్ని బాగా ముందుకు తెచ్చారు. భాష మొత్తం ఒకేసారి నేర్చుకోవాలని చూడొద్దు, ఇంట్లో ఒక గది తీసుకో, ఆ గదిలో జరిగే పనులన్నిటికీ మాటలు నేర్చుకో, ఆ గదిలోకి అడుగుపెట్టాక ఇంక ఇంగ్లీషు లేదు. మాట్లాడటానికి మనిషి లేకపోతే నీకు నువ్వే చెప్పుకో, కుళాయి తిప్పుతున్నా, గిన్నె కడుగుతున్నా అని. మాకు నలభై వాక్యాల కాగితం ఇచ్చారు. వస్తువుల మీద చీటీలు అంటించుకోమన్నారు.

చీటీల దగ్గర 23 డాలర్లు బూడిదలో పోశా. నీట్‌గా స్టిక్కర్లలా ఉంటాయని ఒక ప్రింట్ షాపుకి ఫైల్ పంపిస్తే, తీసుకోవడానికి వెళ్ళేసరికి ప్రత్యేక అక్షరాలున్న చోటల్లా ఖాళీ డబ్బాలు. నలభై స్టిక్కర్లు, నిండా డబ్బాలు. కౌంటర్ దగ్గరి అబ్బాయి "ఇది డిజైన్ అనుకున్నా" అన్నాడు. తెలుగు ఫాంట్లతో మన పెళ్ళి శుభలేఖలు ఎన్నిసార్లు ఇలా అవ్వలేదు, ముందే పీడీఎఫ్ చేసి ఫాంట్ అందులోనే ఎంబెడ్ చెయ్యాలని నాకు తట్టాలి. ఫోన్‌కి, లాప్‌టాప్‌కి ఈ భాష కీబోర్డు విడిగా వేసుకోవాలి, అది ముందే చేసుకోండి. ఆఖరికి 9 డాలర్ల చీటీల కట్ట కొని చేత్తో రాశా. చేత్తో రాస్తేనే అక్షరాలు వచ్చాయి కూడా. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అని తేడా లేదు, మనలాగే, అది ఒక్కటీ హాయి.

ఏప్రిల్ 20న అమ్మ వచ్చింది. అప్పటికి నేను పొద్దున్నే కుళాయితో, కుక్కర్‌తో మాట్లాడటం మొదలుపెట్టా. రెండో రోజు వెనక నుంచి "ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అంది. చెప్పా. కాసేపు చూసి "ఎవరైనా మందు మంత్రం పెట్టారా ఏంటి దీనికి" అని మా ఆయన్ని అడిగింది. అసలు చిక్కు ఏంటంటే వంటగదిలో ఇంగ్లీషు వద్దన్నారు బానే ఉంది, మరి అమ్మతో? తెలుగు ఉండొచ్చా? టీచర్ని అడిగితే ఆలోచించి, మీ అమ్మగారి భాషకి నేనెలా అడ్డు చెప్తాను అన్నారు. దాంతో మా వంటగదిలో రెండే భాషలు మిగిలాయి. ఈ రూలు నేను పెట్టింది కాదు, అలా పడిపోయింది. మా పాప ఇంగ్లీషులో ఏదైనా అడిగితే నేను పలకను, అమ్మకి సగం అర్థం కాదు. ఆకలేస్తే ఏదో ఒక దాంట్లో అడగాలి. మొదటి వారం కోపంతో సీరియల్ గిన్నె పట్టుకెళ్ళి హాల్లో తినేది.

అమ్మకి మాత్రం రెండు మాటలు పట్టుబడ్డాయి. ఔనుకి "ఇ", కాదుకి "హ్వి'", చివర గొంతు టక్కున ఆపాలి. "ఈ మాత్రం దానికి క్లాసులెందుకే, మీ నాన్న జీవితమంతా ఇ అనే మాట్లాడారు" అంది. రెండోసారి కాఫీ కావాలా అంటే "హ్వి'" అనేది, నాకంటే బాగా ఆపేది గొంతుని. మాటని రెండుసార్లు అనడం వీళ్ళకీ ఉంది, బిడ్డని "బదా'" అంటారు, బిడ్డలైతే "బద్‌బదా'". అది విని అమ్మ "మన బుడబుడ లాగా ఉందే" అంది. సంబంధం ఏం లేదు, అయినా నాకు అలాగే గుర్తుండిపోయింది.

జూన్ 4న ఆఖరి క్లాసు. అందరూ తలా ఒక వంటకం తేవాలి, దాని గురించి మూడు వాక్యాలు చెప్పాలి. పులిహోర చేశా, వేరుశెనగపప్పు అలర్జీ ఒకరికి ఉందని వేరే గిన్నెలో వెయ్యకుండా కూడా చేశా. మూడు వాక్యాలు కారులో ముప్ఫైసార్లు చెప్పుకున్నా. అక్కడ లేచి నిలబడ్డాక మొదటిది వచ్చింది, రెండోది సగం. క్రియ ముందు పెట్టాలి ఈ భాషలో, మనకి చివర కదా, నా బుర్ర ఆ రెండింటి మధ్య ఇరుక్కుపోయింది. అప్పుడు టీచర్ గారి మనవడనుకుంటా, నాలుగేళ్ళుంటాయి, ముందు వరసలో నేల మీద కూర్చుని ఉన్నాడు, మిగతా సగం వాడు చెప్పేశాడు. ఏదో కష్టపడి కాదు, మన పిల్లలు "అది కాదమ్మా" అని విసుక్కుంటారు చూడండి, అలా. నేను వాడు చెప్పినట్టు మళ్ళీ అన్నా. తప్పట. ఇంకోసారి అనిపించాడు. హాలంతా నవ్వుతోంది. వెనక ఆ పెద్దావిడ మాత్రం నవ్వట్లేదు, వాడినే చూస్తున్నారు.

తర్వాత ఆవిడే నా దగ్గరికి వచ్చి ఇంకొంచెం పులిహోర పెట్టించుకుంటూ ఒక మాట అన్నారు. నీకు ఎంత వచ్చిందనేది పెద్ద విషయం కాదు, బయట షాపులోనో పార్కులోనో వాడు ఈ భాషలో ఏదైనా అంటే తిరిగి జవాబు చెప్పే మనిషి ఇంకొకళ్ళు ఉన్నారు, అంతే అని. ఫారంలో ఆ ప్రశ్నకి ఇది రాసుండాల్సింది అనిపించింది.

ఖర్చు అడిగేవాళ్ళ కోసం. పెట్రోలు 92 డాలర్లు, ఎక్స్‌ప్రెస్ లేన్ టోల్ 38, పాత డిక్షనరీ 62, డబ్బాల స్టిక్కర్లు 23, చీటీలు 9. మొత్తం 224. పులిహోర లెక్కెయ్యలేదు. టైము మాత్రం అడక్కండి, వారానికి క్లాసు ఒకటిన్నర గంట, డ్రైవింగ్ రెండు గంటల పైన, ఇంట్లో రోజూ ఓ ఇరవై నిమిషాలు. పది వారాల తర్వాత మాట్లాడగలనా అంటే లేదు. నలభై వాక్యాల్లో ఇరవై ఆరు తడుముకోకుండా వస్తాయి, అదీ వంటగదిలోనే. హాల్లోకి వెళ్తే మర్చిపోతా, నిజంగా. ఒకసారి సేఫ్‌వేలో చేపల దగ్గర సాల్మన్‌ని ఏమంటారో గుర్తు రాక, ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు తీయగానే వచ్చింది.

అమ్మ సెప్టెంబర్ 28న వెళ్ళిపోయింది. చీటీలు పోపు తగిలి పసుపెక్కాయి, కుళాయి మీది చీటీ తడిసి ఊడి పడిపోతే మా పాప కొత్తది రాసి అంటించింది, అందులో ఒక అక్షరం తప్పు, నేను చూసి రెండు వారాలయ్యాక గానీ గుర్తుపట్టలేదు. దిద్దలేదు ఇంకా.

రెండో లెవెల్‌కి సెప్టెంబర్‌లోనే అప్లై చేశా, మళ్ళీ వెయిట్ లిస్ట్, ఈసారి రెండో నంబరు. ఇవాళ్టికి అయిదో వారం.